పేటకు ఎగువన 40 ఎకరాలు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు పెట్టినప్పుడు మేము నలుగురం మొదట హాస్టల్ జ్ఞాపకాలే రాద్దామనుకున్నాం. ఆదివారం గుడ్డు, తెల్లవారుజామున స్టడీ అవర్లో కునికిపాట్లు, పంపు దగ్గర బకెట్ల వరస. ఇవన్నీ ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు మాకంటే బాగానే రాస్తున్నారు. అందుకని ఈసారి మా ఊళ్ళో జరిగిన ఒక సంగతి రాస్తున్నాం. మీలో చాలామందివి డెల్టా ఊళ్ళే. మీ పేట పక్కన కూడా ఇలాంటిదే జరుగుతూ ఉండవచ్చు, లేదా జరిగిపోయి ఉండవచ్చు.

మాది భీమవరం నుంచి ఆకివీడు వైపు పోయే దారికి లోపలగా ఉన్న ఊరు. 1998లో ఆరో తరగతికి నలుగురం ఒకేరోజు ఈ హాస్టల్లో చేరాం. ఒకే పేట, రెండు వీధుల తేడా. ఇప్పుడు మాలో ఒకరు బడిపంతులు, ఒకరు లైన్‌మన్, ఒకరు రొయ్యల మేత లారీ నడుపుతారు, ఒకరు ఊళ్ళోనే ఉండి కౌలుకి చేస్తున్నారు. రాసేది ఒకరైనా నలుగురం కూర్చుని చదువుకుని సరిచేసుకున్నాం కాబట్టి "మేము" అనే రాస్తున్నాం.

మా పేట పల్లంలో ఉంటుంది. ఎగువన కాలువ, కాలువకీ పేటకీ మధ్య 40 ఎకరాల వరి చేలు. ఆ 40 ఎకరాల్లో పేటవాళ్ళ సొంతం అంటూ ఏమీ లేదు. పట్టాలన్నీ ఊళ్ళో రైతులవి, వాళ్ళలో సగంమంది భీమవరంలోనో హైదరాబాదులోనో ఉంటారు. కానీ ఆ చేలు ఎవరివని మమ్మల్ని చిన్నప్పుడు అడిగితే మావే అని చెప్పేవాళ్ళం. ఆషాఢంలో మా అమ్మలు ఆకు తీసి ఊడ్పులు ఊడ్చేది అందులోనే. కోతలయ్యాక మేము పరిగె ఏరేది అందులోనే. సార్వా కోసిన చేలో నీరు ఇంకిపోతుంటే బోదెల్లో మట్టగిడసలు, కొర్రమీనులు దొరికేవి. సంక్రాంతి సెలవులకి హాస్టల్ నుంచి వెళ్ళినప్పుడు మూడు రోజులూ బురదలోనే ఉండేవాళ్ళం. ఏరిన పరిగె నూర్చితే ఒక్కోసారి రెండు మూడు కుంచాలు అయ్యేవి. ఆ గింజలు అమ్మి అమ్మ మాకు కొత్త చెప్పులు కొనిపెట్టేది. హాస్టల్‌కి తిరిగి వచ్చేటప్పుడు ట్రంకు పెట్టెలో అరిసెల డబ్బా పక్కన పెట్టుకున్న చెప్పులు అవే.

ఈ నేల ఊరికే ఇలా పండలేదు. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించాడు కనుక, దాదాపు 10 లక్షల ఎకరాలకి గోదావరి నీరు పారుతోంది కనుక పండుతోంది. ఊడ్చే విత్తనం కూడా పక్కనే పుట్టింది. మారుటేరు వరి పరిశోధనా కేంద్రంలో తయారై 1982లో విడుదలైన స్వర్ణ రకం మన జిల్లాలు దాటి ఒరిస్సా, బెంగాలు దాకా వెళ్ళింది. అదే కేంద్రం నుంచి వచ్చిన మరో రకానికి కాటన్ దొర సన్నాలు అని పేరు పెట్టారు. ఆనకట్టకీ విత్తనానికీ ఒకే పేరు! ఇంత శ్రమ, ఇంత డబ్బు, ఇంత నీరు వెనక ఉన్న నేలని ఒక పొక్లెయిన్ పది రోజుల్లో చెరువు చేసేస్తుంది.

మా ఊరికి చెరువులు నెమ్మదిగానే వచ్చాయి. మేము హాస్టల్లో చేరేటప్పటికే కొల్లేటి వైపు అంతా చేపల చెరువులు. 2006లో కొల్లేరు అభయారణ్యంలోని చెరువులకి గట్లు కొట్టేసినప్పుడు పేపర్లో ఫొటోలు చూసి, ఇక చెరువుల పని అయిపోయిందని అనుకున్నాం. 2009లో వనామీ రొయ్యకి దేశంలో అనుమతి వచ్చాక అవి అంతకంతకు పెరిగాయి. వరికి కౌలు ఎకరానికి ఇన్ని బస్తాలని మాట్లాడుకునే ఊళ్ళో, చెరువుకి లీజు ఎకరానికి లక్ష దాటిందని చెప్పుకోవడం మొదలైంది. రైతుని తప్పు పట్టలేం. 2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యకుండా పంట విరామం ప్రకటించారంటే వరి వాళ్ళకి ఏం మిగులుస్తోందో అర్థం చేసుకోవచ్చు. 2022లో అక్కడే మళ్ళీ అదే మాట వినపడింది.

అయితే చెరువు విషయంలో ఒక చిక్కు ఉంది. అది అది ఉన్న చేలోనే ఉండిపోదు. చెరువులో నీరు పక్క మడికంటే ఎత్తున ఏడాది పొడుగునా నిలిచి ఉంటుంది. గట్టు కింద నుంచి ఊట దిగుతుంది. పక్క చేను కోతల నాటికి ఆరదు, కోత మిషను దిగబడిపోతుంది, దాళ్వా తర్వాత మినుము చల్లుకుందామంటే నేల పొడిబారదు. రొయ్యల కోసం బోరు వేసి ఉప్పునీరు తోడితే పైరు కొసలు ఎర్రబడతాయి. రెండేళ్ళు చూసి పక్క రైతు కూడా తన చేను లీజుకి ఇచ్చేస్తాడు. మూడో ఏడు అతని పక్కవాడు. ఎవరికివారు చూసుకుంటే అందరూ సరిగ్గానే లెక్క వేసుకున్నారు, చివరికి మాత్రం ఊళ్ళో మడి మిగలదు. రొయ్యకి తెల్లమచ్చ రోగం వచ్చి లీజుదారు పోయినా ఆ నేల మళ్ళీ వరికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఎక్కడిదాకా చెరువు, ఎక్కడి నుంచి వరి అని పటం మీద ముందే గీత గీయాలనేది ఇందుకే. ఒక రైతు మంచివాడా, ఆశపోతా అనే ప్రశ్నతో తేలే సంగతి కాదిది.

గీత గీసే చట్టాలు లేవని కాదు. 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల మీద ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. తీరప్రాంత నియంత్రణ మండలిలోని చెరువులు తీసివేయాలని, వ్యవసాయ భూముల్ని రొయ్యల చెరువులుగా మార్చకూడదని అందులో ఉంది. ఆ కేసు వేసింది తమిళనాడుకి చెందిన సర్వోదయ నాయకుడు జగన్నాథన్. ఆయన భార్య కృష్ణమ్మాళ్ దళిత కుటుంబంలో పుట్టిన మనిషి. 1968లో కీళ్వెణ్మణిలో 44 మంది దళిత కూలీలని, ఆడవాళ్ళనీ పిల్లల్నీ కూడా, గుడిసెలో పెట్టి కాల్చేశాక ఆ దంపతులు తంజావూరు వైపు వెళ్ళి భూమి లేనివాళ్ళకి భూమి ఇప్పించే పనిలో ఉండిపోయారు. ఇప్పించిన భూమిని ఆడవాళ్ళ పేరునే రాయించేవారు. రొయ్యల చెరువులు వచ్చి ఆ పల్లెల నేలనీ నీళ్ళనీ పాడుచేస్తుంటే కోర్టుకి వెళ్ళారు. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పేర్లు మాకు కనపడలేదు. హాస్టల్ గోడల మీద పటాలు పెట్టేటప్పుడు కృష్ణమ్మాళ్ గారి పటం కూడా ఒకటి పెడితే బాగుంటుందని మా మనవి. తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. 2020లో మన రాష్ట్రం కూడా ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీకి చట్టం చేసింది. ఆక్వా జోన్ అన్న మాట ఊళ్ళోకి ఆ తర్వాతే గట్టిగా వచ్చింది.

జోన్ అంటే హద్దు కదా, మంచిదే కదా అనుకున్నాం. మా లైన్‌మన్ చెబితే తెలిసింది అసలు సంగతి. 2022లో చెరువులకి యూనిట్ రూపాయిన్నర చొప్పున ఇచ్చే కరెంటు రాయితీని జోన్‌కి ముడిపెట్టారు. జోన్‌లో ఉంటే రూపాయిన్నర, లేకపోతే దానికి రెండు మూడు రెట్లు. దాంతో చెరువుల్ని ఆపవలసిన గీతలోకి తమ సర్వే నంబరు ఎక్కించుకోవడానికి పోటీ మొదలైంది. ఆ జాబితాలో మా పేటకు ఎగువనున్న 40 ఎకరాలూ ఉన్నాయి.

నోటీసు పంచాయతీ ఆఫీసు గోడకి అంటించారట. పేటవాళ్ళు అటు వెళ్ళేది పింఛనుకో, పన్నుకో. ఎవరూ చదవలేదు. గ్రామసభ ఇంక నాలుగు రోజులుందనగా మా పంతులు ఓటరు కార్డు పని మీద వెళ్ళి ఆ కాగితం చూశాడు. ఆ రాత్రి మా పెద్దమ్మ ఇంటి అరుగు మీద నలభైమంది దాకా కూర్చున్నాం. ఆ రాత్రి మాట్లాడుకున్నవన్నీ రాస్తే మాకే తలవంపు, కానీ రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మొదట లేచింది మా లారీ మిత్రుడే. "రేయ్, నేను తోలేది ఏంటి? రొయ్యల మేత. నా కూతురు ఫీజు కడుతున్నది దేంతో? నన్నెట్టా వద్దనమంటారు?" అన్నాడు. పేటలో కుర్రాళ్ళు పాతికమంది పట్టుబడి ముఠాల్లో ఉన్నారు. రాత్రి రెండింటికి వలలు లాగడానికి వెళ్ళి, తెల్లారేసరికి వచ్చే డబ్బు వరి చేలో రెండు రోజులు వంగినా రాదు. ఆడపిల్లలు రొయ్యలు ఒలిచే షెడ్లకి వ్యానుల్లో వెళుతున్నారు. పైగా వరిలో పని ఇప్పుడు ఎంతుంది? కోతకి మిషను వచ్చింది. కొందరు రైతులు ఊడ్పులు మాని వెదజల్లుతున్నారు. ఉన్న ఊడ్పులకి బెంగాలు నుంచి ముఠాలు దిగుతున్నాయి. పరిగె అన్న మాట మా పిల్లలకి తెలియదు. వరి ఉంటేనే పేటకి అన్నం అన్న మాట మా అమ్మల కాలంలో నూరుపాళ్ళు నిజం. ఇప్పుడు సగం నిజం.

రెండోది ఇంకా ఇబ్బందికరమైన సంగతి. మాలో ఇద్దరి ఇళ్ళకి డ్రెయిను పక్కన అరెకరం చొప్పున డి-పట్టా భూములు ఉన్నాయి. 1977 చట్టం ప్రకారం అప్పట్లో అసైన్డ్ భూమిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు, లీజుకి కూడా ఇవ్వకూడదు. మేము ఇంటర్ చదివే రోజుల్లో మా నాన్నలు ఆ అరెకరాలు చేపల చెరువుకి తెల్లకాగితం మీద లీజుకి ఇచ్చారు. హాస్టల్ దాటాక మా కాలేజీ చదువులు, ఒకరి బి.ఇడి. ఖర్చు, ఒకరి ఐ.టి.ఐ. ఖర్చు ఆ లీజు డబ్బులోంచే వచ్చాయి. ఆ అరెకరాలు ఇప్పటికీ నీళ్ళలోనే ఉన్నాయి. గట్లు కలిపేశారు కాబట్టి మా భూమి ఏ మూల ఉందో మాకే తెలియదు. ఇలాంటి మేము చెరువులు వద్దని సభలో ఏ మొహం పెట్టుకుని మాట్లాడాలి?

ఆ మాటకి అరుగు మీద చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. చివరికి మా పెద్దమ్మ అంది: "మీ నాన్నలు తప్పు చేశారో ఒప్పు చేశారో దేవుడెరుగు. మరి మీ తాతని ఏ దారినంట తీసుకెళ్ళారో గుర్తుందా?"

గుర్తుంది. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా తాత పోయాడు. శ్రావణ మాసం, పట్టపగలే చీకటిగా వాన. మా పేట శ్మశానం కాలువ పక్కన మెరక మీద ఉంటుంది. దానికి రోడ్డు లేదు. ఆ 40 ఎకరాల మధ్య పెద్ద గట్టు మీద నుంచే దారి. మోసేవాళ్ళు జారుతుంటే ఊడ్పుల్లో ఉన్న ఆడవాళ్ళు పని ఆపి, మడిలోకి దిగి, రెండు పక్కలా పాడెకి చేతులు పట్టారు. చేను యజమాని ఏమీ అనలేదు. వరి చేను గట్టు మీద ఎవరు నడిచినా ఎవరూ ఏమీ అనరు. చెరువు గట్టు అలా కాదు. దానికి వల కంచె, కాపలా కొట్టు, రాత్రి లైట్లు, కుక్క. దొంగతనం భయం వాళ్ళది, కాదనం. కానీ అక్కడ మనిషి నడిస్తే నేరం. మా మంచినీళ్ళ చెరువులోకి నీరు వచ్చే బోదె కూడా ఆ గట్టు పక్కనే ఉంది.

అప్పుడు తెలిసింది మాకు ఆ 40 ఎకరాల్లో ఏం ఉందో. పని కంటే ముందు దారి ఉంది, నీళ్ళు ఉన్నాయి. ఈ రెండూ ఏ పట్టాలోనూ రాసిలేవు.

ఒక అనుమానం కూడా ఇక్కడే చెప్పాలి. "మన పచ్చని పల్లెని కాపాడుకుందాం, ఊరి అందం పోనివ్వం" అని పట్నం నుంచి వచ్చినవాళ్ళు మాట్లాడుతుంటే మాకు ఎప్పుడూ పూర్తిగా నచ్చదు. ఆ పచ్చదనంలో మా పేట పల్లంలో ఉంది, ఊరు మెరక మీద ఉంది. 2017లో మా జిల్లాలోనే గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం గొడవ తర్వాత దళితుల్ని పనుల్లోకి రానివ్వకుండా, కౌలు పొలాలు ఇవ్వకుండా వెలివేశారు. ఆ చేలు కూడా పచ్చగానే ఉన్నాయి. కాబట్టి ఊరు ఎలా ఉన్నది అలాగే ఉండాలని మేము అడగలేదు. అందులో మాకున్న కాస్తని తీసెయ్యవద్దని అడిగాం. కేరళలో 2008లో వరి పొలాల రక్షణకి ఒక చట్టం చేశారు. పంచాయతీ స్థాయిలో కమిటీ, అందులో సర్పంచి, వ్యవసాయాధికారి, గ్రామాధికారి, రైతుల తరఫున ముగ్గురు. 2018లో దాన్ని సవరించి కొన్ని భూములకి రుసుము కట్టి మార్చుకునే వీలు ఇచ్చారు, అది వేరే కథ. మా పంతులు దాన్ని చదివి అడిగిన ప్రశ్న ఒకటే: అంతమందిలో కూలీకి ఒక కుర్చీ ఎందుకు వెయ్యలేదు?

గ్రామసభకి పేట నుంచి ఆడవాళ్ళే ఎక్కువ వచ్చారు. మగవాళ్ళు పట్టుబడికి పోయారు మరి! షామియానా కింద ముందు కుర్చీలు నిండిపోయాయి, వీళ్ళు పక్కన నిలబడ్డారు. జాబితా చదివారు. అభ్యంతరాలున్నాయా అని అడిగారు. మా పెద్దమ్మ కొంగు నడుముకి చుట్టి ముందుకి వచ్చింది.

"అయ్యా, మీ చేలు మీరు ఏం చేసుకున్నా మేం కాదనం. కానీ మా చచ్చినోళ్ళని ఎటు తీసుకుపోవాలో ఆ కాయితంలో రాసి ఇవ్వండి" అంది.

ముందు వరసలో ఒక పెద్దాయన నవ్వి, "దారి ఎవరు ఆపుతారమ్మా, ఎప్పుడూ వెళ్ళేవాళ్ళు వెళ్ళరా?" అన్నారు. "ఆయ్, ఆ మాటే రాసి సంతకం పెట్టండి బాబూ" అంది పెద్దమ్మ. ఆయన నవ్వు ఆపేశారు. ఇంకొకాయన "మీ కుర్రాళ్ళు బతికేది మా చెరువుల మీద కాదా?" అన్నారు. ఆ మాటకి మా లారీ మిత్రుడు లేచాడు. అతను మాట్లాడతాడని మేమెవరం అనుకోలేదు. "అవునండి, బతుకుతున్నాం. అందుకే చెబుతున్నా. ఉన్న చెరువులకే ఈ ఏడు రెండుసార్లు రోగం వచ్చి పంట పోయింది. నెలన్నర నాకు లోడు లేదు. మొత్తం చెరువులే అయిపోతే ఆ నెలన్నర నేనేం తినాలండి?" అన్నాడు. మరుసటి వారం అతనికి లోడు ఆలస్యంగా ఇచ్చారు. కారణం అదేనని మేము అనలేం.

మేము రాసిన అర్జీ మీద 112 మంది వేలిముద్రలు, సంతకాలు. అందులో డి-పట్టా అరెకరాల సంగతి కూడా మేమే రాశాం. మా తప్పు మేము దాచి ఎదుటివాళ్ళ తప్పు చూపించడం బాగుండదనిపించింది. మా నాన్నలకి అది నచ్చలేదు. ఒకరు నెల రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

ఆఖరి జాబితా వచ్చేసరికి 40 ఎకరాల్లో 28 తీసేశారు. డ్రెయిను వైపు 12 జోన్‌లో ఉండిపోయాయి. మా అర్జీ వల్లనే తీసేశారో, ఆ 28 ఎకరాల రైతుల్లో ఇద్దరు అన్నదమ్ములు పంపకాల గొడవలో సంతకం పెట్టకపోవడం వల్ల ఆగిందో మాకు తెలియదు. రెండోదే కావచ్చు. 12 ఎకరాల్లో చెరువు తవ్వేశారు. పక్క రెండెకరాలు కౌలుకి చేసేది మా నాలుగో మిత్రుడే. మొన్నటి సార్వా కోతలకి గట్టు వారగా ఉన్న ఆరు సెంట్లు ఆరలేదు, కొడవలి పట్టుకుని చేత్తో కోశాడు. చాలా ఏళ్ళ తర్వాత కొడవలి పట్టానని నవ్వుతూ చెప్పాడు గానీ, వచ్చే ఏడు ఆ ఆరు సెంట్లు అరెకరం అవుతుందని అతనికీ తెలుసు.

శ్మశానం దారికి చెరువు యజమాని ఆరడుగులు వదిలారు. నోటిమాట మీదే. మంచి మనిషే, కాదనం. ఆయన అమ్మేస్తే కొనేవాడు కూడా అలాగే వదులుతాడని ఎవరు చెప్పగలరు? అందుకని ఆ ఆరడుగుల్ని గ్రామ పటంలో దారిగా చూపించమని ఇంకో అర్జీ పెట్టాం. సర్వేయరు ఒకసారి వచ్చి గొలుసు వేసి కొలిచి వెళ్ళారు. మళ్ళీ రమ్మన్నారు. నలుగురిలో ఎవరికి సెలవు దొరికితే వాళ్ళం వెళుతున్నాం.

ఆ అర్జీకి ఇచ్చిన రసీదు మా పంతులు వాళ్ళ అమ్మ దగ్గర ఉంది. హాస్టల్లో చేరిన రోజు భీమవరంలో కొన్న ట్రంకు పెట్టె, మూత మీద తెల్ల రంగుతో పేరు, తరగతి రాసి ఉంటుంది, ఆ పెట్టెలో దాచింది. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి తాళిబొట్టుకి పిన్నీసుతో తగిలించుకుంది.